ఎనిమిదో తరగతిని కొలవడం: నా అనుభవం

నేను దేవరకొండ డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. చుట్టూ తండాలు. ఎనిమిదో తరగతిలో సగానికి పైగా పిల్లలు లంబాడీ ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే. కొందరి తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కూలి పనికి పోతారు, పిల్లలు నానమ్మ తాతల దగ్గరుండి చదువుకుంటారు.

ఆ క్లాసు గురించి స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడూ పంచాయితీయే. "ఆ క్లాసుకు పోవాలంటేనే తల తిరుగుతది సార్" అనేది లెక్కల మేడం. "నా పీరియడ్‌ల సూది పడితే ఇనిపిస్తది" అనేవాడు సోషల్ సార్. హెడ్మాస్టర్ ఇద్దరి మాటా విని, చివరకు క్లాస్ టీచర్‌నైన నా వైపు చూసేవారు. అందరూ మాట్లాడేది ఒకే పిల్లల గురించి, కానీ ఒకరి మాటకు ఇంకొకరి మాటకు పొంతన లేదు. పీరియడ్‌లో ఏ సమయానికి ఎంతమంది పనిలో ఉంటున్నారు, మిగతావాళ్లు ఏం చేస్తున్నారు అన్నది ఎవరి దగ్గరా లేదు. ఎం.ఎడ్. చదివిన రోజుల్లో తరగతి పరిశీలన పద్ధతుల మీద ఒక పేపర్ రాశాను. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టినవాటిని ఒకసారి వాడి చూద్దామనిపించింది.

నిజానికి మన బడుల్లో కొలత ముందునుంచే ఉంది. టీచర్ లేనప్పుడు క్లాస్ లీడర్ బోర్డు మీద "మాట్లాడినవారు" అని రాసి, కింద పేర్లు వేస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ రెండు, ఇంటూ మూడు. ఇది మాట్లాడిన సార్ల లెక్క. లోపాలన్నీ అందులోనే కనిపిస్తాయి. లీడర్ దోస్తుల పేర్లు బోర్డెక్కవు. పడనివాడు దగ్గినా ఎక్కుతుంది. వెనక బెంచీలో నోరు మెదపకుండా కిటికీలోంచి చూస్తూ పీరియడంతా గడిపిన పిల్లవాడి పేరు అసలు రానే రాదు. అల్లరి కనిపిస్తుంది, ఖాళీగా కూర్చోవడం కనిపించదు. పెద్దవాళ్లం మేం స్టాఫ్‌రూమ్‌లో చేస్తున్నదీ దాదాపు ఇదే లెక్క.

మొదట తేల్చుకోవాల్సింది దేన్ని లెక్కపెట్టాలన్నది. "శ్రద్ధ" అని రాసుకుంటే ఇద్దరు కూర్చుని చూసినా ఇద్దరికీ రెండు సంఖ్యలు వస్తాయి. శ్రద్ధ లోపల ఉంటుంది, మనకు కనిపించేది చేతులు, కళ్లు, నోరు. అందుకని మూడు గళ్లు పెట్టుకున్నాను. రాయడం, జవాబు చెప్పడం, ప్రశ్న అడగడం, వస్తువుతో ప్రయోగం చేయడం వంటివి "చేస్తున్నారు" కింద. టీచర్‌నో బోర్డునో పుస్తకాన్నో చూడడం, మాట్లాడుతున్న తోటి పిల్లవాడి వైపు తిరిగి వినడం "చూస్తున్నారు" కింద. మిగతాదంతా "వేరే". ఎడ్వర్డ్ షాపిరో అనే అమెరికన్ స్కూల్ సైకాలజిస్టు తయారుచేసిన పరిశీలన పద్ధతిలో కూడా చురుగ్గా చేయడం, ఊరికే చూస్తూ ఉండడం అని ఈ రెంటినీ విడదీస్తారు. విడదీయకపోతే ఏమవుతుందో తర్వాత నాకే అర్థమైంది.

ఇక ఎలా లెక్కపెట్టాలి? ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పద్ధతి మారితే సంఖ్య మారిపోతుంది. పీరియడ్‌ని నిమిషం చొప్పున ముక్కలు చేసి, ఆ నిమిషంలో ఒక్కసారైనా పక్కకు తిరిగితే "వేరే" అని వేశామనుకోండి. ఒక పిల్లవాడు ప్రతి నిమిషంలో ఐదు సెకన్లు వెనక్కి తిరిగాడు. పది నిమిషాలకు పదికి పది గళ్లూ నిండుతాయి, వంద శాతం అల్లరి. వాడు నిజంగా తిరిగింది ఆరు వందల సెకన్లలో యాభై, అంటే ఎనిమిది శాతం. దీన్ని తిరగేసి, నిమిషమంతా పనిలో ఉంటేనే మార్కు అని పెట్టుకుంటే అదే పిల్లవాడికి సున్నా వస్తుంది. పాపం, యాభై ఐదు సెకన్లు రాసినవాడికి సున్నా! కొన్ని సెకన్లలో అయిపోయే అల్లరిని పట్టుకోవడానికి మొదటి పద్ధతి పనికొస్తుంది గానీ, క్లాసు ఎంతసేపు పనిలో ఉందో చెప్పడానికి రెండూ పనికిరావు.

మేం పట్టుకున్నది మూడోది. నిర్ణయించిన సమయానికి తలెత్తి, ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో అంతే చూడాలి. ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేస్తారు అన్నది వదిలేయాలి. క్లాసు మొత్తాన్ని ఇలా చూసే పద్ధతిని 1972లో డోక్, రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల డే కేర్ కేంద్రంలో వాడారు. ఆ సమయానికి చేయాల్సిన పనిలో ఉన్నవాళ్లు ఎంతమంది, అక్కడ హాజరులో ఉన్నవాళ్లు ఎంతమంది అని లెక్కపెట్టి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే శాతం వస్తుంది. ఖర్చల్లా ఒక కాగితం, ఒక గడియారం.

నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో మూడు నిమిషాలకోసారి చూస్తే పదిహేను చూపులు. నేను పాఠం చెప్తూ అంత తరచుగా లెక్కపెట్టలేను. అందుకని మా పీఈటీ సార్‌ను, అంటే ఆటల టీచర్‌ను, బతిమాలాను. స్టాప్‌వాచ్ ఉన్నది ఆయన దగ్గరే మరి. ఆయన వెనక మూల కుర్చీలో కూర్చుని ఎప్పుడూ కిటికీ వైపు బెంచీ నుంచి మొదలుపెట్టి తలుపు వైపు చూసుకుంటూ వచ్చేవారు. దిక్కు మార్చొద్దని ఖాయం చేసుకున్నాం. లేకపోతే కన్ను ముందు గోల ఉన్న చోటికే పోతుంది. కాగితం మీద బెంచీల బొమ్మ, ప్రతి సీటుకూ ఒక గడి. పేర్లు లేవు. పేర్లు రాయకూడదని నేనే పట్టుబట్టాను. పేరున్న కాగితం ఎవరి చేతిలోనైనా రేపు తిట్టడానికి ఆధారం అవుతుంది.

మొదటి రోజుల కాగితాలు చించేశాం. వెనకాల పీఈటీ సార్ పెన్ను పట్టుకుని కూర్చుంటే ఏ పిల్లవాడు కదులుతాడు? "అరేయ్, సార్ మన పేర్లు రాస్తున్నడు" అని ఒకడు గుసగుసలాడితే క్లాసంతా కడక్ అయిపోయింది. ఒక అమ్మాయి ధైర్యంగా అడిగేసింది కూడా: "సార్, పీఈటీ సార్ మాకు మార్కులేస్తున్నరా?" మార్కులు కావు, పేర్లు లేవు, కావాలంటే చూసుకోండని కాగితం చూపించాం. చూశారు, బోర్ కొట్టింది, వదిలేశారు. ఆ తర్వాత వచ్చిన కాగితాలనే దాచాం. చూస్తున్నారని తెలిస్తే మనిషి నడత మారుతుంది. ఇన్‌స్పెక్షన్ రోజు మేం టీచర్లం ఎలా ఉంటామో గుర్తు చేసుకుంటే చాలు.

ఒక్కరి లెక్క నమ్మొచ్చా? అందుకే ఇంకొకరిని కూర్చోబెట్టాలి. హిందీ సార్ ఒప్పుకున్నారు. ఇద్దరూ వేర్వేరు మూలల్లో కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా వేశారు. మామూలుగా ఎనభై శాతం పొత్తు కుదిరితే ఆ పరిశీలనను నమ్మొచ్చంటారు. ఒక చూపులో హాజరు ముప్పై ఆరు, ఇద్దరూ పనిలో ఉన్నవాళ్లు ఇరవై ఏడు అని వేశారు. నూటికి నూరు! పీఈటీ సార్ చాయ్ తాగిపిస్తానన్నారు. సీటు సీటు కలిపి చూస్తే ముప్పై ఆరులో ఇరవై ఎనిమిది సీట్లే కలిశాయి, అంటే డెబ్బై ఎనిమిది శాతం. మిగతా ఎనిమిదిలో ఈయన అవునన్న నలుగుర్ని ఆయన కాదన్నారు, ఆయన అవునన్న నలుగుర్ని ఈయన కాదన్నారు. మొత్తాలు మాత్రం చక్కగా కలిసిపోయాయి. మొత్తం చూసి మురిసిపోతే బోల్తా పడతామని పుస్తకంలో చదివిందే, కానీ కాగితం మీద చూస్తే వేరేగా ఉంటుంది.

ఆ ఎనిమిది సీట్లలో పీఈటీ సార్ కాదన్నవి ఎక్కువ భాగం ఒకే రకం. పక్కపక్కన కూర్చున్న పిల్లలు తలలు దగ్గర పెట్టి లంబాడీలో మాట్లాడుకుంటున్నారు. పీఈటీ సార్ది మిర్యాలగూడ వైపు, ఆయనకు ఆ భాష రాదు. ఆయన "వేరే" అని వేశారు. హిందీ సార్ది పక్క తండానే. "లే సార్, ఆ పోరడు పక్కోనికి ఘర్షణ అంటే చెప్తున్నడు. మీరు చెప్పినట్టే చెప్పిండు, ఇంకా నయంగ చెప్పిండు" అన్నారు. ఇన్నేళ్లూ మా స్టాఫ్‌రూమ్‌లో "గుసగుసల క్లాసు" అనిపించుకున్న గుసగుసల్లో ఎంత భాగం పాఠమే అయ్యుంటుందో ఇక చెప్పలేం. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇంట్లో మూడో భాష. పాఠం ఆ పిల్లలకు పక్కవాడి నోటి మీదుగా దిగడంలో వింతేముంది? అప్పటి నుంచి నియమం మార్చాం. మాట్లాడుకునే ఇద్దరి మాట అర్థం కాకపోతే వాళ్ల నోట్‌బుక్ చూడాలి, వేలు ఏ లైను మీద ఉందో చూడాలి, అప్పటికీ తేలకపోతే ప్రశ్నార్థకం వేయాలి. ప్రశ్నార్థకాలు ఎక్కువైతే ఆ పీరియడ్‌ను లెక్కలోకి తీసుకోం. ఈ మార్పు తర్వాత ఇద్దరి లెక్కలూ ఎనభై పైనే కలుస్తూ వచ్చాయి.

కాగితానికి ఇంకో వరుస చేర్చడం ఈ పని మొత్తంలో నాకు బాగా ఉపయోగపడిన విషయం. ప్రతి చూపు దగ్గరా టీచర్ ఏం చేస్తున్నాడో ఒక అక్షరం. వివరిస్తుంటే "వి", ప్రశ్న అడుగుతుంటే "ప్ర", బోర్డు మీద నోట్స్ రాస్తుంటే "నో", ప్రయోగం నడుస్తుంటే "ప్రయో", ఎవరినైనా తిడుతుంటే "తి". ఈ వరుస లేకుండా శాతాలు మాత్రమే చూస్తే పిల్లల మీద తీర్పు చెప్పినట్టే ఉంటుంది. ఉంటే పీరియడ్ ఎలా నడిచిందో తెలుస్తుంది.

తెలిసింది ఇది. నేను వరసగా వివరిస్తూ పోతే "చూస్తున్నారు" నిండుగా ఉండి, రెండు మూడు చూపుల తర్వాత వెనక బెంచీల నుంచి జారడం మొదలవుతుంది. ఒకరిని లేపి ప్రశ్న అడిగితే ఆ ఒక్కరూ పనిలో ఉంటారు, మిగతావాళ్లు తమ వంతు కాదని ఊపిరి పీల్చుకుంటారు. ఒకరిని తిట్టడానికి ఆగితే ఆ చూపులో క్లాసు సగం ఖాళీ. అందరూ ఆ తిట్ల సినిమా చూస్తుంటారు.

అన్నింటికంటే ఎక్కువ అంకె ఎక్కడ వచ్చిందో తెలుసా? "నో" దగ్గర. బోర్డు మీద నోట్స్ రాస్తుంటే దాదాపు అందరూ తల వంచుకుని రాస్తారు. చప్పుడు లేదు, హెడ్మాస్టర్ వరండాలో పోతూ చూస్తే సంతోషిస్తారు. సోషల్ సార్ సూది పడే పీరియడ్ రహస్యం కూడా అదే, ఆయన ఎక్కువగా నోట్స్ చెప్పిస్తారు. కానీ అలాంటి పీరియడ్ ఆఖర్లో అప్పుడే రాసుకున్న దాంట్లోంచి ఒక చిన్న ప్రశ్న ఇచ్చి, పుస్తకం మూసి పలక మీద జవాబు రాయమంటే సరైన జవాబు ఎత్తి చూపించినవాళ్లు కొద్దిమందే. "ద్రవాల విద్యుత్ వాహకత" పాఠంలో బ్యాటరీ, ఎల్ఈడీ, నిమ్మరసం, ఉప్పునీళ్లు ఇచ్చి గుంపులుగా చేయించిన రోజు సందడి పక్క గదికి వినిపించింది, "చేస్తున్నారు" గడి మాత్రం నోట్స్ రోజుకు కాస్త తక్కువ. పలకల మీద జవాబులు చాలా నయం. రెండు పీరియడ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి, ఈ అంకె ఎక్కువ కాబట్టి ఈ పీరియడ్ మేలు అని ఎవరైనా అంటే తప్పు తీర్పు వస్తుంది. అందుకే చూసి ఎక్కించడాన్ని "చేస్తున్నారు" లోంచి తీసి వేరే గడి పెట్టాం. లెక్కల మేడం ఆ గడికి "జిరాక్స్" అని పేరు పెట్టింది. అదే ఖాయమైంది.

పలకల సంగతి చెప్పాలి. ఒకటో తరగతి వస్తువని ఎనిమిదో తరగతి మగపిల్లలు మొదట మొహం చిట్లించారు. నల్ల పలకలు, సుద్ద ముక్కలు, పాత గుడ్డ పేలికలు. ప్రశ్న అడిగి, అందరూ రాసి ఒకేసారి ఎత్తమంటే అందరికీ వంతు వస్తుంది. నాకు ఒక్క చూపులో ఎవరికి వచ్చిందో రాలేదో కనిపిస్తుంది. క్లాసును కొలవడం, క్లాసుకు చదువు చెప్పడం ఒకే పనిలో అయ్యే చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే. పీఈటీ సార్ లేని రోజుల్లో కూడా ఇది నడుస్తుంది.

నడవడిక లెక్క ఇంకా సులువు. సీటు వదిలి లేవడం, చెయ్యి ఎత్తకుండా అరవడం. ఈ రెంటికీ మాత్రం నిమిషం ముక్కల పద్ధతి పెట్టాం, జరిగితే గీత. లేచిన పిల్లలు ఎందుకు లేచారో పక్కన రాయమన్నాను. ఎక్కువసార్లు పెన్ను రీఫిల్ అయిపోయిందని, స్కేలు కావాలని, నీళ్లకు. టేబుల్ మీద ఒక డబ్బాలో పెన్నులు పెట్టాక ఆ గీతలు తగ్గాయి. అంత చిన్న కారణానికి ఎన్ని పీరియడ్‌లు తిట్టుకుంటూ గడిపామో.

నన్ను నేను లెక్కపెట్టుకోవడానికి చింతగింజలు వాడాను. పీరియడ్ మొదలైనప్పుడు ఎడమ జేబులో గుప్పెడు. మెచ్చుకుంటే ఒకటి కుడి జేబులోకి, కసురుకుంటే ఒకటి చొక్కా జేబులోకి. గంట కొట్టాక చొక్కా జేబే బరువుగా ఉండేది. పిల్లలు పసిగట్టి, "సార్, ఇప్పుడు ఏ జేబుల ఏసిన్రు?" అని అడగడం మొదలెట్టారు. ఆ ప్రశ్న కూడా కొంత పని చేసింది.

1969లో అమెరికాలోని కాన్సస్‌లో బారిష్, సాండర్స్, ఉల్ఫ్ అనేవాళ్లు ఒక నాలుగో తరగతిని రెండు జట్లు చేసి, లేచినా అరిచినా ఆ జట్టుకు గీత వేసి, తక్కువ గీతల జట్టు గెలిచినట్టు ఆడించారు. ఇప్పటికీ చాలాచోట్ల వాడతారు. మేమూ వరుసల ప్రకారం పెట్టి చూశాం. అరుపులు తగ్గిన మాట నిజం. కానీ ఒక్క పిల్లవాడి వల్ల వరుస ఓడిపోతే మిగతావాళ్లు ఇంటర్వెల్‌లో వాడి పని పట్టడం నాకు నచ్చలేదు. రెండు వరుసలూ గెలిచే వీలుండేలా గీతల హద్దు పెట్టి, అస్తమానం గీతలు తెచ్చే పిల్లవాడి లెక్క విడిగా ఉంచాక పర్వాలేదనిపించింది. అసలు ఆటలోనూ రెండు జట్లూ గెలిచే వీలుంది, మొదట మేం ఆ భాగం వదిలేసి ఆడించాం.

పత్తి కాలం వచ్చాక లెక్కలో ఒక వింత కనిపించింది. దసరా సెలవుల తర్వాత పత్తి ఏరడానికి పిల్లలు కూడా పోతారు, ముఖ్యంగా వెనక బెంచీల పెద్దపిల్లలు. ఆ వారాల్లో మా శాతం పెరిగింది! పాఠాలు మారలేదు, నేను మారలేదు. భాగించే సంఖ్య చిన్నదైంది, అంతే. హాజరు ముప్పై ఆరులో ఇరవై ఏడు మంది పనిలో ఉంటే డెబ్బై ఐదు శాతం. అదే రిజిస్టర్‌లో ఉన్న నలభై రెండు మందితో భాగిస్తే అరవై నాలుగు. అప్పటి నుంచి కాగితం కింద రెండు శాతాలూ రాస్తున్నాం. చేను దగ్గరున్న పిల్లవాడు కూడా నా క్లాసు పిల్లవాడేగా. ఈ రెండో శాతం చూపించాకే హెడ్మాస్టర్ తండాలకు పోయి పెద్దమనుషులతో మాట్లాడదామన్నారు. పోయాం. కొందరు పంపారు, కొందరు "ఏరుడు అయిపోంగనే పంపుతం సార్" అన్నారు.

మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చేతులు కడుక్కునే నల్లాలు తక్కువ, క్లాసు సగం వరుసలోనే ఉంటుంది. మొదటి చూపులు ఎప్పుడూ పాడే. గంట కాస్త ముందు కొట్టించుకున్నాం.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు కాగితాలు చూసి ముచ్చటపడి, ప్రతి స్కూలు నుంచి నెలనెలా ఇలాంటిది తెప్పిస్తే బాగుంటుందన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. పైకి పంపాల్సిన కాగితమైతే రేపటి నుంచి అందరి క్లాసులూ తొంభై ఐదు శాతమే. జిరాక్స్ గడి మాయమవుతుంది. ఇద్దరు కూర్చుని చూడాల్సిన అవసరం కూడా ఉండదు, ఒక్కరే స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని నింపేస్తారు. హెడ్మాస్టర్ ఏదో చెప్పి మాట దాటేశారు, ఆయనకు నా దండం.

స్టాఫ్‌రూమ్ పంచాయితీ పూర్తిగా తీరలేదు. లెక్కల మేడం పీరియడ్‌కు పీఈటీ సార్ కూర్చున్నారు. ఆమె తలనొప్పి క్లాసులో "చేస్తున్నారు" గడి మేం చూసిన పీరియడ్‌లన్నింట్లోకీ ఎక్కువే. ఆమె నమ్మలేదు, "మళ్లా కూర్చోండి" అంది. సోషల్ సార్ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అడిగితే, సిలబస్ అయిపోనియ్యండి సార్, తర్వాత చూద్దాం అంటున్నారు. ఈ ఏడు ఆ పిల్లలు తొమ్మిదికి పోయారు. కాగితాన్ని కొత్త ఎనిమిదికి మారుస్తున్నాం. వీళ్లలో హిందీ సార్‌కు కూడా అర్థం కాని భాష మాట్లాడే ఇద్దరు పిల్లలున్నారు, ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్ల గళ్లలో ఏం వేయాలన్నది పీఈటీ సార్, నేను ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతానికి ప్రశ్నార్థకమే వేస్తున్నాం, పలక మీద వాళ్లు రాసింది మాత్రం విడిగా దాస్తున్నాం.